వాన పడుతోంది సరే, నేలలోకి దిగుతోందా? అనంతపురం ఎర్ర చేలల్లో చూసిన సంగతులు



పై వీడియో చూసినవాళ్లూ, ఇంకా చూడనివాళ్లూ ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఎకరా నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్ల నీళ్లు పడినట్టు. 20 మి.మీ. పదును వాన అంటే 80 వేల లీటర్లు. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి 550 మి.మీ. దగ్గర ఉంటుంది. కరువు జిల్లా అని పేరుపడిన ఆ చోట కూడా ఒక్కో ఎకరా మీద ఏడాదికి 22 లక్షల లీటర్ల నీళ్లు పడుతున్నాయన్నమాట. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో తోలిస్తే 440 ట్యాంకర్లు. మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి?

మెట్ట రైతులు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఏ ఎరువు వేయాలి, ఏ కషాయం కొట్టాలి అని. నేను ముందు ఒకటే అడుగుతాను: మొన్న పడిన వానకు మీ చేను పక్క వంకలో పారిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? ఎర్రగా ఉంటే ఆ నీళ్లతో పాటు మీ పైమట్టి కూడా పోయినట్టే. పైమట్టి పోయాక ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా దాన్ని పట్టుకునే నేల ఉండదు.

అందుకే ఈసారి కళ్యాణదుర్గం వైపు రెండు చేలు ఎంచుకున్నాం. గట్టుకు ఇటు పక్క ఒక పెద్దమ్మ చేను, అటు పక్క వాళ్ల మరిది చేను. ఒకే ఎర్ర నేల, ఒకే వాలు, ఒకే వాన. ఇటు ఆరేళ్లుగా ప్రకృతి సేద్యం. అటు మామూలు శనక్కాయ సేద్యం. మేము పోయింది మృగశిర కార్తెలో. వాళ్ల పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఎర్ర నేల గుణం ఏమిటంటే

నల్లరేగడి రైతులకు ఈ బాధ అంతగా తెలియదు. అక్కడ నేల తేమను పట్టి పెట్టుకుంటుంది, పండిన పదునుతో శనగ కూడా పండిస్తారు. ఎర్ర నేలలో ఇసుక పాలు ఎక్కువ, బంక తక్కువ, సేంద్రియ పదార్థం మరీ తక్కువ. చాలా చోట్ల లోతు కూడా ఉండదు, అడుగున్నర తవ్వితే గరుసు తగులుతుంది. బోడి నేల మీద వాన చినుకు దెబ్బ తగలగానే మట్టి గడ్డలు చితికి, సన్న రేణువులు సందుల్లో కూరుకుపోతాయి. ఎండ తగలగానే పైన పెచ్చు కడుతుంది. ఆ తర్వాత వచ్చే వాన ఆ పెచ్చు మీద పడి జారిపోతుంది. చేను మీద నీళ్లు పారుతుంటే వాన బాగా పడిందని సంతోషపడతాం. లోపల మట్టి జానెడు కింద పొడిగానే ఉంటుంది.

పడే వాన కూడా సమంగా పడదు. జిల్లా లెక్కల ప్రకారం నైరుతిలో 338 మి.మీ., ఈశాన్యంలో 156 మి.మీ. సగటు. జూన్, జూలైలో జల్లులే ఎక్కువ, అసలు వాన సెప్టెంబరులో. మధ్యలో 20, 30 రోజులు బెట్ట. శనక్కాయ ఊడలు దిగే రోజుల్లో ఆ బెట్ట తగిలితే ఎంత పూత వచ్చినా కాయ నిలవదు. ఇరవై రోజుల బెట్టలో ఏ చేను పది రోజులు ఎక్కువ ఓర్చుకుంటుందో ఆ చేను పండుతుంది. మెట్ట సేద్యంలో దిగుబడి అంటే చాలావరకు ఈ పది రోజుల లెక్కే.

ఈ నేలలు ఎప్పుడూ ఇలా లేవు. ముసలివాళ్లను అడగండి, కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఆముదం, ఉలవ, అలసంద కలిపి వేసిన రోజులు చెబుతారు. తర్వాత శనక్కాయ వచ్చింది. నూనె గింజకు ధర ఉంది, కరువుకు ఓర్చుకుంటుంది, విత్తనం సబ్సిడీ మీద వచ్చింది. ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లు దాటి శనక్కాయే వేసిన ఏళ్లు ఉన్నాయి. రైతును తప్పు పట్టడానికి లేదు, నాలుగు రూపాయలు కళ్ల చూసింది ఆ పంటతోనే. కానీ ఆ పంట నేలతో ఏం చేస్తుందో చూడండి. మొక్కను వేళ్లతో సహా పీకుతాం. కాయ మార్కెట్టుకు, కట్టె పశువులకు. నవంబరు నుంచి జూన్ వరకు ఏడెనిమిది నెలలు నేల బోడిగా ఎండలో కాగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ నేల పైపొర వేడి 50 డిగ్రీలు దాటుతుంది. అందులో ఏ వానపాము ఉంటుంది, ఏ సూక్ష్మజీవి పని చేస్తుంది?

పైపు ముక్కతో పరీక్ష

వీడియోలో చాలామందికి నచ్చేది ఇదే అనుకుంటున్నాను, ఎందుకంటే ఇది మీరూ చేసుకోవచ్చు. 6 అంగుళాల వెడల్పున్న పీవీసీ పైపు ముక్క, అర అడుగు పొడవుది, తీసుకోండి. చెక్క అడ్డం పెట్టి సుత్తితో సగం వరకు నేలలోకి దిగగొట్టండి. లోపల ఒక ప్లాస్టిక్ కవర్ పరిచి అందులో 450 మి.లీ. నీళ్లు పోయండి. కవర్ మెల్లగా లాగేయండి. ఆ పైపు వెడల్పుకు 450 మి.లీ. అంటే 25 మి.మీ. వాన పడినట్టు లెక్క. ఎన్ని నిమిషాల్లో ఇంకిందో రాసుకోండి. ఇంకాక రెండోసారి అంతే పోయండి. రెండోసారి వచ్చిన నిమిషాలే అసలైనవి, మొదటిసారి పొడి మట్టి ఎలాగూ పీల్చుకుంటుంది.

పెద్దమ్మ చేన్లో రెండోసారి పోసిన నీళ్లు మేము మాట్లాడుతుండగానే దిగిపోయాయి. గట్టు దాటి మరిది చేన్లో పోశాం. వాళ్లింట్లో టీ తాగి వచ్చినా పైపులో నీళ్లు నిలిచే ఉన్నాయి. ఆయన తొంగి చూసి నవ్వాడు. "నీళ్లు దిగితే దిగినాయిలే అన్నా. వదిన చేన్లో మెత్తగా ఉండాది, నాకూ తెలుసు. అప్పు తీర్చేది బుడ్డలే గానీ మెత్తదనం కాదు కదా."

ఈ మాట వీడియోలో తీసేయకుండా ఉంచాను. ఎందుకంటే ప్రకృతి సేద్యం వీడియోల్లో ఇలాంటి మాటకు చోటు ఉండదు, ఊళ్లో మాత్రం రోజూ వినిపించేది ఇదే. దీనికి జవాబు కింద రాస్తాను.

ఇంకో పరీక్ష మరీ సులువు. రెండు చేలలోంచి ఒక్కో ఎండు మట్టిగడ్డ తెచ్చి గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వేయండి. జీవం లేని మట్టి క్షణాల్లో పొడిపొడిగా రాలి నీళ్లు బురదవుతాయి. వేళ్లు, బూజు తీగలు అల్లుకున్న మట్టి చాలాసేపు గడ్డగానే నిలుస్తుంది. వాన చినుకు పడినప్పుడు మీ చేన్లో జరిగేది కూడా ఇదే.

వాన రాకముందే విత్తడం

పెద్దమ్మ చేసే పనిని ప్రకృతి వ్యవసాయ విభాగం వాళ్లు పీఎండీఎస్ అంటారు, వానాకాలానికి ముందే పొడి దుక్కిలో విత్తడం. ఆమె మాత్రం "నవధాన్యాలు చల్లడం" అనే అంటుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎకరాకు 12 కిలోల దాకా కలిపిన విత్తనాలు చల్లుతుంది. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, పెసర, ఉలవ, అనుములు, జనుము, నువ్వులు, ఆముదం, గోగు, ధనియాలు, మెంతులు, గోరుచిక్కుడు. అందులో సగం పప్పుజాతి ఉండేట్టు చూసుకుంటుంది. దాదాపు అన్నీ ఇంటి విత్తనాలే. నవధాన్యాలు అన్నారు కదా అని తొమ్మిది లెక్కపెట్టుకోకండి, ఎన్ని రకాలుంటే అంత మంచిది.

విత్తనాలు ఊరికే చల్లదు. బీజామృతంతో తడిపి, జల్లించిన బంకమట్టిలో పొర్లించి, మళ్లీ ఘనజీవామృతం పొడి, బూడిద పట్టించి నీడలో ఆరబెడుతుంది. "గుళికలు" అంటుంది. ఎందుకంత చాకిరీ పెద్దమ్మా అంటే, "చల్లిన వానకు మొలిస్తే సరే నాయనా. వాన పదైదు దినాలు రాకపాయనంటే? చీమలు మోసుకపోతాయి, పిట్టలు తింటాయి. మన్ను తొడిగితే వాటికి ఆనదు" అంది. ఇంకో లాభం కూడా ఉంది. చిన్న తుంపరకు ఆ మట్టి తొడుగు తడుస్తుంది గానీ గింజ తొందరపడి మొలవదు. మొలకెత్తి మాడిపోవడం తగ్గుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాలిలో తేమ, మంచుతోనే ఈ పంట పెరుగుతుంది, వాన అక్కర్లేదు అని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు. నేను తిరిగిన చేలలో అలా ఎక్కడా చూడలేదు. ఒకటి రెండు వేసవి జల్లులు పడిన చోటే మొలిచింది. కప్పు ఉన్న నేలలో ఆ చిన్న జల్లు తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది, అందుకని మొలక బతుకుతుంది. అంతవరకు నిజం. ఒక్క చినుకూ పడని ఏడాది ఆ 12 కిలోల విత్తనంలో చాలాభాగం పోతుందని మనసులో పెట్టుకునే చల్లండి. కొన్న విత్తనంతో ఐదెకరాలూ చల్లొద్దు. మొదటి ఏడాది ఒక్క ఎకరా చాలు.

చల్లేముందు ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం వేస్తుంది. తయారీ చాలామందికి తెలిసిందే: 100 కిలోల పేడకు బెల్లం, పప్పుల పిండి 2 కిలోల చొప్పున, గుప్పెడు గట్టు మట్టి, కలపడానికి సరిపడా ఆవు మూత్రం. నీడలో కుప్ప పెట్టి గోనె కప్పి రెండు రోజులు ఉంచి, తర్వాత పలుచగా ఆరబెట్టి గడ్డలు చితక్కొట్టి నిల్వ చేస్తారు. ఇది నేలకు తోడు పెట్టడం లాంటిది. తోడు వేస్తే పెరుగవుతుంది, కానీ గిన్నెలో పాలు ఉండాలి కదా. 400 కిలోల్లో నత్రజని ఐదారు కిలోలకు మించదు. పంటకు కావలసిన మిగతాది పప్పుజాతి వేళ్ల బుడిపెలు, కుళ్లే ఆకు, కొమ్మ ఇవ్వాలి. చేన్లో చెత్త లేకుండా డ్రమ్ములు డ్రమ్ములు జీవామృతం పోసేవాళ్లు ఈ ముక్క ఒకసారి ఆలోచించండి.

మేము పోయేసరికి ఆ పంట మోకాలు దాటింది. ఆకుకూరలు, గోరుచిక్కుడు, అలసంద కాయ కోసి సంతకు పంపింది, అది కూలి ఖర్చుకు సరిపోయిందని చెప్పింది. పైభాగం కోసి రెండు ఎద్దులకు, ఆవుకు మేత. జూలైలో అసలు పంట విత్తేముందు మిగిలిన మోళ్లను గుంటకతో పైపైన కోసి అక్కడే పరిచేస్తుంది. వేళ్లు లోపలే. ఆ వేళ్లు కుళ్లిన సన్న గొట్టాల్లోంచే తర్వాత వాన లోపలికి దిగుతుంది. మడక లోతుగా తోలదు.

దుక్కి గురించి ఇక్కడే ఒక సందేహం వస్తుంది. వ్యవసాయ శాఖ వాళ్లు వేసవి దుక్కి దున్నమంటారు, ప్రకృతి సేద్యంలో దున్నొద్దంటారు, ఏది వినాలి అని. పైన చెత్త లేని ఎర్ర నేలను దున్నకుండా వదిలేస్తే పెచ్చు కట్టి నీళ్లు ఇంకా ఎక్కువ జారిపోతాయి. అలాంటి నేలకు వాలుకు అడ్డంగా ఒక దుక్కి మేలే. చెత్త కప్పు వచ్చిన తర్వాత దున్నే పని తగ్గించుకుంటూ రావాలి. కప్పు లేకుండా దుక్కి మానేయడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

కర్బనం లెక్క

ఏడాదిలో సేంద్రియ కర్బనం 0.3 నుంచి 1 శాతానికి పోయిందని చెప్పేవాళ్లు ఉన్నారు. నమ్మకండి. లెక్క వేసి చూపిస్తాను. ఎకరాలో పై అర అడుగు మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం కొత్తగా నిలవాలి. మనం వేసే ఎండు చెత్తలో కర్బనం 40 శాతం పైచిలుకు. అందులో ఎక్కువ భాగం సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదిలేస్తాయి. మన వేడికి ఏడాది తిరిగేసరికి ఐదో వంతు మిగిలితే గొప్ప. ఆ లెక్కన 0.1 శాతం పెరగడానికే ఎకరాకు 10 టన్నుల పైన ఎండు పదార్థం కావాలి. మెట్ట చేన్లో ఏడాదికి ఒకటి, రెండు టన్నులు నేలకు మిగిల్చితే అదే ఎక్కువ. కాబట్టి ఇది ఐదేళ్ల నుంచి పదేళ్ల పని. మట్టి పరీక్షలో 0.5 లోపు ఉంటే తక్కువ అని రాస్తారు, మన మెట్ట చేలు చాలావరకు అక్కడే ఉన్నాయి.

మరి పెద్దమ్మ చేన్లో నీళ్లు అంత తొందరగా ఎలా దిగాయి? కర్బనం సంఖ్య పెరగకముందే నేల పైపొర మారుతుంది. కప్పు ఉంటే చినుకు దెబ్బ మట్టికి తగలదు. పెచ్చు కట్టదు. వేళ్ల దారులు తెరుచుకుని ఉంటాయి. చెద, వానపాము రంధ్రాలు చేస్తాయి. ఈ మార్పు రెండో ఏడాదికే కనిపించిందని ఆమె చెప్పింది. ఇంకొకటి, వేళ్ల నుంచి వచ్చిన కర్బనం పైన వేసిన చెత్త కంటే ఎక్కువ కాలం మట్టిలో నిలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నేలలో ఏదో ఒక పచ్చని వేరు ఉండాలనడం ఇందుకే.

మట్టి పరీక్ష చేయించేటప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్‌తో ఆగకండి. గంధకం, జింకు, బోరాన్ కూడా చూడమనండి. ఇక్రిశాట్ వాళ్లు మెట్ట నేలల్లో చేసిన మట్టి పరీక్షల్లో ఈ మూడింటి లోపం చాలా ఎక్కువగా బయటపడింది. ఉన్న పోషకాన్ని సూక్ష్మజీవులు కరిగించి మొక్కకు ఇస్తాయి గానీ, లేని బోరాన్‌ను పుట్టించలేవు.

బుడ్డలు మానాలా?

ఇప్పుడు మరిది మాటకు వద్దాం. ఆయనకు నాలుగెకరాలు. విత్తనానికి, ట్రాక్టరుకు అప్పు. కొడుకు బెంగళూరులో పని చేస్తాడు, వాన లేని ఏడాది ఈయనా భార్యా కూడా అక్కడికే పోతారు. కొర్రలు, సజ్జలు పండించు అంటే "కొనేదెవరు" అంటాడు. ఆయనకు శనక్కాయ మానేయమని చెప్పడం నాకు ఇష్టం లేదు. పెద్దమ్మ కూడా మానలేదు. ఐదెకరాల్లో రెండెకరాలు ఇప్పటికీ శనక్కాయే. మారిందల్లా దాని చుట్టూ ఉన్న పంటలు.

ఏడు సాళ్ల శనక్కాయకు ఒక సాలు కంది. కొందరు పదకొండుకు ఒకటి వేస్తారు. కంది వేరు లోతుకు పోతుంది, శనక్కాయ పీకిన తర్వాత కూడా డిసెంబరు, జనవరి దాకా చేన్లో నిలబడి ఆకు రాలుస్తుంది. శనక్కాయకు ఆగస్టు బెట్ట తగిలినా సెప్టెంబరు, అక్టోబరు వానలకు కంది కోలుకుంటుంది. ఒక పంట పోయిన ఏడాది ఇంకో పంట పెట్టుబడి ఇస్తుంది. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ దట్టంగా వేస్తుంది.

ఆ నాలుగు సాళ్ల విలువ అనంతపురం రైతులకు 2000 సంవత్సరం నేర్పింది. ఆ ఏడాది కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి రెండు లక్షల హెక్టార్లకు పైగా శనక్కాయను దెబ్బ తీసింది. బీళ్లలో, గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు మోసుకొస్తాయి. గాలికి అడ్డంగా జొన్న, సజ్జ ఉంటే చాలావరకు అక్కడే ఆగుతుంది. తెగులు అంటే మందు కొట్టేది మాత్రమే అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గట్టు మీద వయ్యారిభామ పూతకు రాకముందే పీకేయడం కూడా సస్యరక్షణే.

దిగుబడి మాటకొస్తే, మంచి వాన పడిన ఏడాది మరిది చేన్లోనే ఒకటి రెండు బస్తాలు ఎక్కువ వస్తాయని ఆమే ఒప్పుకుంది. "వానలు బాగుండే సంవత్సరం వాండ్లకు ఎక్కువే. బెట్ట పడితే మాత్రం వాండ్లకు విత్తనం గూడా రాదు, నాకు తినేదానికైనా ఉంటాది" అంది. మరిది కాదనలేదు. "బెట్ట సంవత్సరాలే ఎక్కువ కదా వదినా ఇప్పుడు" అన్నాడు. ఈ ఏడాది ఒక ఎకరాలో కంది సాళ్లు పెంచి చూస్తానన్నాడు. నవధాన్యాల మాటెత్తితే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

ఆయన కారణం గట్టిదే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మే నెలలో ఊరంతా బీడు. పశువులు, గొర్రెలు, మేకలు విడిచి మేపుతారు. ఆ ఎండలో ఒక్కడి చేను పచ్చగా ఉంటే ఊరి మందంతా అక్కడే వాలుతుంది. కంచె వేసే స్తోమత లేదు. పీఎండీఎస్ గురించి చెప్పే ఎన్నో కరపత్రాల్లో ఈ ఒక్క విషయమే ఉండదు. పెద్దమ్మ దీనికి ఒక ఏర్పాటు చేసుకుంది. ఫిబ్రవరి, మార్చిలో గొర్రెల మందను తన చేన్లోనే కొన్ని రాత్రులు నిలపమని కాపరితో మాట్లాడుకుంటుంది. రాత్రికి ఇంతని గింజలు ఇస్తుంది. ఆ గొర్రెల ఎరువు, మూత్రం చేనుకు దక్కుతాయి. బదులుగా మే, జూన్‌లో ఆ కాపరి తన మందను అటు రానివ్వడు, పక్క ఊరి మందలు వస్తే అదిలిస్తాడు కూడా. తొలి ఏడాది ఆమె సగం చేను మేకల పాలైంది. ఈ ఒప్పందం తర్వాతే నిలదొక్కుకుంది. పది మంది రైతులు ఒక పక్కగా కలిసి చల్లితే కాపలా ఇంకా సులువు. ఒక్కరే చల్లేటట్టయితే ఇంటి దగ్గరి చేన్లో మొదలుపెట్టండి.

మేత గురించి కూడా అడుగుతున్నారు. చెత్త నేలకు పరిస్తే పశువులకేం పెట్టాలి అని. నిజమే, మెట్టలో ఈ పోటీ తప్పదు. ఆమె లెక్క ఇది: పైది పశువుకు, కిందిది నేలకు. జొన్న, సజ్జ జానెడు ఎత్తున కోసి పై చొప్ప తీసుకుంటుంది. శనక్కాయ కట్టె పూర్తిగా పశువులకే. కంది ఆకు, ఆముదం ఆకు, గట్ల మీద కొట్టిన గ్లిరిసిడియా కొమ్మలు నేలకు. గ్లిరిసిడియా గట్టు మీద ఒకసారి నాటితే ఏడాదికి రెండు మూడుసార్లు కొట్టుకోవచ్చు, మేకలు కూడా పెద్దగా ముట్టుకోవు.

ఇక కందకాలు, సేద్యపు కుంటల గురించి ఇదివరకే వీడియోలు చేశాం, మళ్లీ రాయను. ఒక్క గొడ్డుసాళ్ల సంగతి చెప్తా. వాలుకు అడ్డంగా విత్తి, ప్రతి 10, 12 అడుగులకు ఒక లోతైన ఖాళీ సాలు తీస్తే పారే నీళ్లు అక్కడ ఆగి ఇంకుతాయి. ఎద్దులున్నవాళ్లకు ఒక పూట పని. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు చేయగలిగింది

మేలో చల్లలేకపోయామే అని వదిలేయకండి. శనక్కాయ విత్తడానికి జూలై ఆఖరు వరకు టైము ఉంది. కంది, జొన్న సాళ్లు ఇప్పుడే కలపవచ్చు. జూలై దాటినా పదును రాకపోతే శనక్కాయ విత్తనం నేలపాలు చేయకుండా ఆగస్టులో ఉలవ, సజ్జ, కొర్ర, అలసందకు మారండి. ఉలవ ఖర్చు తక్కువ, నేలంతా అల్లుకుని కప్పేస్తుంది, పశువుకు మేత, మనకు కట్టు. శనక్కాయ పీకిన చేన్లో ఈశాన్య వాన పదును ఉంటే కూడా ఉలవలు చల్లి వదిలేయవచ్చు.

పెద్దమ్మ విత్తన గుళికలు చేసే పద్ధతి మొత్తం వీడియో చివర్లో ఉంది, బంకమట్టి ఎంత పలుచగా పట్టించాలో అక్కడ చూడండి. మందంగా పడితే మొలక బయటికి రాదు. పైపు పరీక్ష చేసినవాళ్లు మీ ఊరు, నేల రకం, రెండోసారి ఎన్ని నిమిషాలు పట్టిందో వీడియో కింద రాయండి. విత్తేముందు ఒకసారి, ఉత్తర కార్తెలో మళ్లీ ఒకసారి అదే చోట కొలవాలి. గుర్తుకు గట్టు మీద ఒక రాయి పెట్టుకోండి, లేకపోతే సెప్టెంబరులో ఆ చోటు దొరకదు.